ఆటల పెట్టెలో పెళ్లి సినిమా

మా పెళ్లి వీడియో క్యాసెట్ అట్ట మీద మావయ్యగారి చేతిరాత ఇప్పటికీ చెక్కు చెదరలేదు. 'అబ్బాయి వివాహం, 1988. నిడివి 3 గంటలు. దీనిపై మరేదియు రికార్డు చేయరాదు.' రైల్వేలో 30 ఏళ్ల పైచిలుకు నోటీసులు రాసిన చెయ్యి కదా! మజ్జిగ గిన్నె మీద మూత పెట్టమని చెప్పడానికి కూడా ఆయనది అదే ధోరణి.

ఆ రోజుల్లో మాకు సొంత డెక్ లేదు. మా మెట్టుగూడలో చాలామందికి లేదు లెండి. ఊళ్లనుంచి చుట్టాలు దిగితే వీడియో లైబ్రరీ కుర్రాడు ఒక రాత్రికి వీసీపీ కిరాయికి తెచ్చేవాడు. దాంతోపాటు మూడో నాలుగో సినిమా క్యాసెట్లు. తెల్లారేలోగా అన్నీ చూసెయ్యాలి, కిరాయి గిట్టుబాటు కావాలి. అన్నీ అయ్యాక, సగం మంది చాపల మీద నిద్రపోయాక, మా పెళ్లి క్యాసెట్ పెట్టేవాళ్లం. తలంబ్రాల మీద గులాబీ పువ్వులు విచ్చుకోవడం, పెళ్లికొడుకు మొహం హృదయాకారంలోంచి తొంగిచూడటం... ఆ మిక్సింగ్ విచిత్రాలన్నీ మీకూ తెలిసినవే కదా.

ఆ 3 గంటల్లో మావయ్యగారు కనిపించేది అక్కడక్కడా. మాట్లాడేది ఒక్కసారే. కన్యాదానం అయ్యాక కెమెరా వైపు చూడకుండా, "ఏమోయ్, కొబ్బరికాయల సంచీ ఎక్కడ పెట్టావ్?" అని అత్తయ్యను అడుగుతారు. అంతే. మూడు సెకన్లు. 2003లో ఆయన పోయాక తెలిసింది, ఆయన గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లేదని.

గోళ్ల రంగు చుక్క

2005లో ఆ క్యాసెట్‌కి బూజు పట్టింది. వాన చినుకుల్లా తెర నిండా గీతలు. సికింద్రాబాద్‌లో ఒక స్టూడియో అతను రీలు తుడిచి, శుభ్రం చేసి, డీవీడీగా మార్చి ఇచ్చాడు. పట్టుచీర ఎరుపు కాస్త నారింజలోకి తిరిగింది కానీ గొంతు మాత్రం నిక్షేపంలా ఉంది. దాని కోసమే ఒక మామూలు డీవీడీ ప్లేయర్ కొన్నాం. అత్తయ్యకు రిమోట్ మీద ఇంగ్లీషు అక్షరాలు ఆనవని, ప్లే బటన్ మీద నా గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టాను. ఎర్రది నొక్కితే ఆడుతుంది, పక్కది నొక్కితే ఆగుతుంది. రెండు రోజుల్లో నేర్చేసుకున్నారావిడ.

తర్వాత 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్లు సినిమా వీసీడీలు 28 రూపాయలకు, డీవీడీలు 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టారు. అప్పటిదాకా సినిమా డిస్కు కొనాలంటే వందలు పెట్టాల్సి వచ్చేది. కూరలకు మోండా మార్కెట్‌కి వెళ్లి, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్టతోపాటు ఒక పాత సినిమా కూడా సంచిలో వేసుకొచ్చే రోజులొచ్చాయి. అత్తయ్య మధ్యాహ్నాలన్నీ నిండిపోయాయి.

సరిగ్గా అప్పుడే, 2008 వేసవిలో, మా ఆడపడుచు అమెరికా నుంచి దిగింది. తొమ్మిదో తరగతి దాటిన మేనల్లుడికి కానుకగా సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి ఒక ఆటల పెట్టె తెచ్చింది. గేమ్ కన్సోల్ అంటారే, అది. ఏ కంపెనీదో ఇప్పుడెందుకు గానీ, నల్లగా, బరువుగా, మా ఇంట్లోని వస్తువులన్నిటినీ చిన్నచూపు చూస్తున్నట్టు ఉండేది. ఆటలంటే మావారికి ఒళ్లు మంట. అందుకని మావాడు ముందే బాణం సంధించాడు. "ఇది ఆటల కోసం కాదు నాన్నా, అసలు సినిమా ప్లేయరే. నానమ్మ సినిమాలూ ఇందులోనే వస్తాయి."

అబద్ధం కాదది. నేనూ పడిపోయాను. టీవీ కింద ఒక డబ్బా తగ్గితే దుమ్ము దులిపే పని తగ్గుతుంది, ఒక వైరు తగ్గుతుంది! పాత ప్లేయర్‌ని రిమోట్‌తో సహా మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఇచ్చేశాను. ఆమె మొహంలో వెలుగు చూసి నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

వారం తిరక్కుండానే మొదటి దెబ్బ. అత్తయ్య దగ్గరున్న 28 రూపాయల వీసీడీలను ఆ పెట్టె గుర్తించనే లేదు. "పోనీలే, ఇకనుంచి డీవీడీలే కొందాం" అని సర్దుకున్నాం. ఆరు రూపాయల తేడాయే కదా అని లెక్కలు కూడా వేశాను, నా తెలివికి!

గల్లీ చివర ఇంట్లో

శ్రావణంలో మావయ్యగారి తద్దినం. మర్నాడు కాజీపేట నుంచి వచ్చిన చినమావయ్యగారు, చిన్నత్తయ్య ఇంకా ఇంట్లోనే ఉన్నారు. భోజనాలయ్యాక అత్తయ్య మెల్లగా అడిగారు, "ఒకసారి ఆ పెళ్లిది పెట్టరా" అని. మావాడు డిస్కు లోపలికి తోశాడు. సినిమా రాలేదు. తెర మీద రెండు వరుసల ఇంగ్లీషు. తీసి, చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. చినమావయ్యగారు కళ్లజోడు సర్దుకుని, "డిస్కు పోయినట్టుందిరా" అన్నారు.

ఆ మాట విన్న అత్తయ్య మొహం నేను మర్చిపోలేను. ఏడవలేదు. "పోతే పోయిందిలే" అని లేచి, ఎండేసిన వడియాలు చూడ్డానికి డాబా మీదకు వెళ్లిపోయారు. ఆవిడ తర్వాత ఇంకో ముక్క మాట్లాడలేదు. వడియాలు అంతకు ముందే తీసేశాం.

స్టూడియో మూతబడి అప్పటికి ఏడాది. క్యాసెట్ చూస్తే బూజు. కాలూ చెయ్యీ ఆడలేదు. మావాడికి హఠాత్తుగా గుర్తొచ్చింది. "అమ్మా, మన పాత ప్లేయర్‌లో పెట్టి చూస్తే?"

అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఇచ్చిన వస్తువు ఎలా అడుగుతాం? అత్తయ్యే తేల్చేశారు. "తెమ్మనకు. కొత్త టీవీ పక్కన ముచ్చటగా పెట్టుకుంది, పీకించొద్దు. మనమే పోదాం."

అలా అందరం, జరీ అంచు చీరలతో, గల్లీ చివర ఆమె ఇంటికి వెళ్లాం. గుమ్మంలోనే ఆమె కంగారుపడింది. "కబురు పెడ్తే నేనే డబ్బ తెద్దును గదమ్మా! పెద్దమ్మను నడిపిచ్చుకొస్తరా?" అని మంచం మీద దుప్పటి మార్చింది. ఆమె కొడుకు, రెండో తరగతి పిల్లాడు, డిస్కు పెట్టి ఎర్ర చుక్క నొక్కాడు.

వచ్చింది. గులాబీ పువ్వులతో సహా అంతా వచ్చింది.

మూడు సెకన్ల చోటు రాగానే అత్తయ్య చెయ్యి ఎత్తారు. "ఎనక్కి తిప్పాల్నా అమ్మమ్మా?" అని అడిగాడు పిల్లాడు. నాలుగుసార్లు తిప్పాడు. "ఏమోయ్, కొబ్బరికాయల సంచీ ఎక్కడ పెట్టావ్?" నాలుగోసారికి అత్తయ్య జవాబు కూడా చెప్పారు, "వంటశాల గుమ్మం పక్కనే పెట్టాను" అని. ఇరవయ్యేళ్ల తర్వాత! పనామె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అందరికీ టీ పోసింది. మావాడు తలొంచుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

డిస్కు తప్పా, పెట్టె తప్పా?

ఇద్దరిదీ కాదని తేలింది. వాడే పట్టుబట్టి విషయం కనుక్కున్నాడు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. టీవీలు పుట్టిన కాలంలో బొమ్మ వేగాన్ని దానికి తగ్గట్టు కట్టారు. మనకు సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు. వాళ్లకు సుమారు 30 బొమ్మలు, 525 గీతలు. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌తో మన దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మనం తీసుకున్న పద్ధతి పేరు పాల్. అమెరికా వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. మా పెళ్లిని తీసింది పాల్ కెమెరాతో, డిస్కు చేసిందీ పాల్ లోనే. అమెరికాలో అమ్మిన పెట్టెకు పాల్ డిస్కు చూపించే పని పెట్టలేదు. మన సీటీసీలోనో, జగదీష్ మార్కెట్‌లోనో దొరికిన మామూలు ప్లేయర్లు మాత్రం రెండూ చూపించేవి. ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కడెక్కడి డిస్కులో పడతాయని వాటిని చేసినవాళ్లకు తెలుసు.

దీనికి తోడు రీజియన్ అని ఇంకో తాళం ఉంది. సినిమా డీవీడీలకు ప్రపంచాన్ని ముక్కలు చేసి అంకెలు వేశారు. అమెరికా 1, మన దేశం 5. ఒకటో నంబరు పెట్టెలో ఐదో నంబరు సినిమా ఆడదు. ఇంట్లో తీయించుకున్న పెళ్లిళ్లు, బారసాలలకు ఈ తాళం ఉండదు కానీ, పాల్ గొడవ మాత్రం తప్పదు. అమెరికా నుంచి ఏ కరెంటు వస్తువు తెచ్చినా వెనక్కి తిప్పి వోల్టేజీ కూడా చూసుకోండి. 100 నుంచి 240 దాకా అని ఉంటే సరే. 120 అని ఒక్కటే ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టకండి, కాలిపోతుంది.

మరి ఆటల పెట్టెతో సినిమా చూడటం తెలివితక్కువ పనా? అలా అనేస్తే అన్యాయం. ఒకప్పుడు అదే తెలివైన బేరం. 2000 మార్చిలో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 వచ్చినప్పుడు ధర 39,800 యెన్లు. డీవీడీ ప్లేయర్లు ఇంకా ఖరీదుగా ఉన్న రోజులవి. పిల్లలకు ఆట, పెద్దలకు సినిమా అని చాలామంది కొన్నారు. ఆ పెట్టెలు ప్రపంచం మొత్తం మీద 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. 2006లో ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడైతే మరీ చోద్యం. బ్లూ-రే డిస్కులు చూపించే విడి ప్లేయర్ అమెరికాలో సుమారు 1,000 డాలర్లుంటే, బ్లూ-రే చూపించి ఆటలూ ఆడించే ఈ పెట్టె 499 డాలర్ల నుంచి దొరికింది. ఆటంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా సినిమా కోసమే కొనుక్కెళ్లారు. బ్లూ-రేకి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీ 2008 ఫిబ్రవరిలో చేతులెత్తేయడానికి ఈ పెట్టెలు కూడా ఒక కారణం.

కానీ అన్ని పెట్టెలూ ఒకలాంటివి కావు. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ చూడాలంటే రిమోట్ కిట్ విడిగా కొనాలి. నింటెండో వారి వీలో సినిమా డీవీడీ ఆడనే ఆడదు, డిస్కు దూరడానికి చోటు మాత్రం ఉంటుంది. ప్లేస్టేషన్ 2లో పాటల సీడీ వస్తుంది, డీవీడీ వస్తుంది, వీసీడీ మాత్రం రాదు. చదవలేక కాదు, ఆ పని దానికి నేర్పలేదు. అమెరికాలో వీసీడీ మొహం చూసినవాళ్లే తక్కువ. మనకా, సగం తెలుగు సినిమాలు ఆ రెండేసి డిస్కుల్లోనే ఇంటికొచ్చాయి!

రోజువారీ తిప్పలు

డిస్కు ఆడినంత మాత్రాన అయిపోలేదు. రెండు నెలలు ఆ పెట్టెతో కాపురం చేశాను కనుక చెబుతున్నాను. ఆటల పెట్టెకు రిమోట్ బదులు రెండు చేతులా పట్టుకునే పిడి ఉంటుంది. గుండ్రటి బటన్, చదరపుది, త్రికోణం, మధ్యలో రెండు పుట్టగొడుగులు. అరవై ఎనిమిదేళ్ల అత్తయ్య దాన్ని పట్టుకుంటే పుట్టగొడుగుకి వేలు తగిలి సినిమా ఎక్కడికో పరిగెత్తేది. అంతకంటే పెద్ద తిప్ప, అది ఎప్పుడూ చార్జింగ్‌కి పెట్టే ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు సినిమా పెట్టుకుందామనుకుంటే, రాత్రి మావాడు ఆడి ఆడి దాన్ని నిద్రపుచ్చేసేవాడు.

శబ్దం సంగతి చెప్పొద్దూ! లోపల ఫ్యాను తిరుగుతుంది. యుద్ధం ఆటకు ఆ హోరు కలిసిపోతుందేమో గానీ, నాయిక మౌనంగా కన్నీరు పెట్టుకునే ఘట్టంలో వెనక మిక్సీ ఆడుతున్నట్టు ఉంటుంది.

కరెంటు కూడా లెక్కే. మొదట్లో వచ్చిన ప్లేస్టేషన్ 3లు సినిమా చూపించడానికే 150 వాట్లకు పైగా తీసుకునేవి. మామూలు డీవీడీ ప్లేయర్‌కి 10, 15 వాట్లు చాలు. రోజుకో 3 గంటల సినిమా చూస్తే అది నెలకు 13, 14 యూనిట్లు, ఇది ఒకటిన్నర లోపు. తర్వాత వచ్చిన సన్న మోడళ్లు చాలా తగ్గించాయి గానీ, ప్లేయర్ దాకా దిగలేదు.

అన్నిటికంటే అసలు గొడవ, పెట్టె ఒకటే, మనుషులు ఇద్దరు. సెలవు రోజు నానమ్మ సినిమా సగంలో ఉండగా మనవడి స్నేహితులు దిగేవారు. ఆవిడ మాట్లాడకుండా లేచి, "మీరాడుకోండిరా" అని లోపలికి వెళ్లిపోయేవారు. ఎవరూ పోట్లాడలేదు కనుక నేను పట్టించుకోలేదు. ఇంట్లో ఎవరూ పోట్లాడకపోతే అంతా బాగుందనుకోవడం మనకు అలవాటే కదా.

గల్లీ చివర ఇంటినుంచి వచ్చిన మర్నాడు మావాడు తన దసరా డబ్బులు నా చేతిలో పెట్టాడు. ఇద్దరం పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఆటోవాళ్లు కూడా ఒక క్షణం ఆలోచిస్తారు, సీటీసీ అంటే చటుక్కున ఎక్కించుకుంటారు. దుకాణదారు బోలెడు అందమైన డబ్బాలు చూపించాడు. మావాడు మాత్రం సంచిలోంచి మా పెళ్లి డిస్కు, ఒక వీసీడీ, ఒక డీవీడీ తీసి, "ఈ మూడూ పెట్టి చూపించండి" అన్నాడు. అక్కడ నిలబడి వంటశాల గుమ్మం దాకా ఆడించి మరీ కొన్నాం. దుకాణంలో కుర్రాళ్లంతా మా తలంబ్రాలు చూసి ముసిముసి నవ్వులు! నాకు తల కొట్టేసినట్టయింది, కానీ మా అబ్బాయి తెలివికి లోపల్లోపల పొంగిపోయాను. మీరూ ఏ యంత్రం కొన్నా మీ ఇంటి డిస్కు వెంట తీసుకెళ్లండి. వాళ్ల దగ్గరున్న కొత్త డిస్కు ఎలాగూ ఆడుతుంది.

ఇప్పుడు

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. వీసీఆర్‌ల తయారీ 2016లో జపాన్ కంపెనీ ఫునైతో ఆగిపోయింది. మోజర్ బేర్ 2018లో మూతబడింది. మన దేశానికి 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 వచ్చింది. అందులో రెండు రకాలు. డిస్కు పెట్టుకోవడానికి వీలున్నది 49,990 రూపాయలు, డిస్కు చోటే లేనిది 39,990 అని అప్పట్లో ప్రకటించారు. డిస్కు ఉన్నదాంట్లో డీవీడీ, బ్లూ-రే ఆడతాయి గానీ సీడీ, వీసీడీ ఆడవు. రెండో దాంట్లో అసలు ఏ పళ్లెమూ పెట్టలేం.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మావాడు కొన్నది ఆ రెండోదే. "సినిమాలన్నీ ఇంటర్నెట్‌లోనే కదమ్మా" అంటాడు. నిజమే, అత్తయ్య చూసే పాత సినిమాలు కూడా ఇప్పుడు టీవీలో వేలితో వెతికితే వస్తున్నాయి. కానీ కొబ్బరికాయల సంచీ ఏ యాప్‌లోనూ లేదు. అది మన అల్మరాలోనే ఉంది. పోయిన దసరాకు వచ్చినప్పుడు వాడే కూర్చుని, డిస్కులోంచి పెళ్లిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, టీవీకి గుచ్చే పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వాళ్లింట్లో హార్డ్ డిస్కులో ఒకటి, న్యూజెర్సీలో వాళ్లత్త దగ్గర ఒకటి దాచాడు.

మీ ఇంట్లోనూ అలాంటి క్యాసెట్ ఉంటే ముందు ఆ పని చేయించండి. బూజు పట్టిందనుకుంటే ఆడుతుందేమో చూద్దామని డెక్‌లో పెట్టకండి. రీలు తెగుతుంది, డెక్ తలకీ బూజు అంటుకుంటుంది. తుడిపించాకే ఎక్కించమనండి. ఎక్కించాక క్యాసెట్‌ని పారేయకండి. పుస్తకంలా నిలువుగా, చెమ్మ తగలని చోట పెట్టండి. డిస్కుల మీద బాల్‌పెన్నుతో రాయకండి. దాని ములుకు గీరుకుంటే పైపొర లేచిపోతుంది. పిల్లలు 'అంతా పైన దాచాం' అంటే సంతోషించండి గానీ, ఒక కాపీ చేతికి అందేచోట కూడా పెట్టుకోండి.

అత్తయ్యకు ఎనభై దాటి చాలా అయింది. పెన్‌డ్రైవ్ ఆవిడకు నచ్చలేదు. "వేలెడంత పుల్లలో పెళ్లేమిటి?" అంటారు. సీటీసీలో కొన్న ప్లేయర్ ఇంకా టీవీ కిందే ఉంది. ఒకసారి లోపలి అద్దం మార్పించాం, మూత తెరుచుకోవడానికి అప్పుడప్పుడూ ఒక చరుపు కావాలి. మొన్న రిమోట్ మీద చుక్క అరిగిపోయిందని పిలిచారు. నా దగ్గర ఎర్ర సీసా ఎండిపోయింది. కోడలి సీసా అడిగి తెచ్చి ముదురు నీలం చుక్క పెట్టాను.

"ఇదేం రంగే! ఎర్రదైతే కనబడేది" అని విసుక్కుని, దాన్నే నొక్కారు.